మూడు దిండు గలీబులు

మా మరిది మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే నేను చెప్పేదంతా విని మీరూ అందరిలాగే "పోనీలే అమ్మా, మంచికే చేశాడు కదా" అంటారు. ఆ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. అతను చెడ్డవాడైతే ఎంత బాగుండేది. నాలుగు దులిపేసి, తలుపేసుకుని, నా కుట్టుమిషన్ ముందు కూర్చునేదాన్ని. మంచివాడితో ఆ సుఖం కూడా లేదు.

మా ఇల్లు వాలు కింద ఉంటుంది. ఇంటి వెనక నుంచి పైకి మూడు చేలు, మెట్లలా ఒకదాని మీద ఒకటి. అన్నిటికన్నా పైది మరిదిది. మధ్యది మా మామగారు తన కోసం ఉంచుకున్నది. మా పెరటి గోడకి ఆనుకుని ఉన్న కింది చేను మాది. మాది అంటే నాదే. మా ఆయన బస్సు కండక్టరు. రోజంతా "జరగండి, లోపలికి జరగండి, సర్దుకోండి" అని అరుస్తాడు. ఇంట్లో ఏ గొడవ వచ్చినా ఆయనకి తెలిసిన మందు అదొక్కటే. పగలు నేను బట్టలు కుడతాను. పొద్దున్నా సాయంత్రం చేలో ఉంటాను.

మాది వాన మొహం చాటేసే నేల. నెలల తరబడి రాదు, వస్తే ఒక్కసారే కుమ్మరించి పోతుంది. ఇలాంటి చోట పడిన నీటిని పడిన చోటే నేల తాగాలి. తాగాలంటే అది బతికి ఉండాలి. ఈ చిన్న ముక్క మావాళ్ళ బుర్రకెక్కించడానికి నేను పడని పాట్లు లేవు.

ఇక్కడ మంచి రైతంటే చేను అద్దంలా ఉంచుకునేవాడు. కోత కాగానే కొయ్యకాళ్ళకి నిప్పు పెట్టాలి. ట్రాక్టరుతో లోతుగా దున్నాలి. గట్టు మీద గడ్డిపోచ కనపడకూడదు. మా మరిది చేను అచ్చం అలాగే ఉంటుంది. ఏటా అదే పంట, ఏటా అదే దుక్కి, వేసవంతా బోసి నేల ఎండకి మాడుతూ ఉంటుంది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ మెచ్చుకుంటారు. నా చేను చూస్తే ముక్కున వేలేసుకుంటారు. నేను జొన్న కోశాక కొయ్యలు అలాగే ఉంచేస్తాను. చొప్ప సగం నేల మీదే పరుస్తాను. దున్నను, చిన్న గుంటలు తీసి గింజలు వేస్తాను. జొన్న మధ్యలో కంది, దాని కింద అలసంద. గట్ల మీద పొదలు వాటి ఇష్టం వచ్చినట్టు పెరుగుతాయి. జనం నా చేనుకి పెట్టిన పేరు 'మాసిన గడ్డం'. "మాసిన గడ్డం దగ్గర ఆపండి" అని మా ఆయన బస్సులోనే అడుగుతారట. ఆయన ఆ మాట నవ్వుతూ చెప్పాడు. ఆ పూట ఆయనకి అన్నం నేను వడ్డించలేదు.

ఆ గడ్డం పెంచడానికి నాకు ఏళ్ళు పట్టింది. మొదట్లో చొప్ప ఎత్తి చూస్తే కింద పొడి మట్టి తప్ప ఏమీ కనిపించేది కాదు. తర్వాత చీమలు వచ్చాయి. ఆ తర్వాత చెదలు, తెల్లటి దారప్పోగుల్లాంటి బూజు, తడి ఉన్న రోజుల్లో వానపాములు. పార వేస్తే మెత్తగా దిగేది. ఎంత వాన కురిసినా చేను గుటకలు వేసినట్టు తాగేసేది, మా పెరట్లోకి బురద వచ్చేది కాదు. నా మిషన్ ఉన్న వెనక గదికి గడప కూడా సరిగ్గా లేదు. అయినా తలుపు బార్లా తీసుకుని వాన చూస్తూ కుట్టుకునేదాన్ని.

పోయినేడు మామగారికి మోకాళ్ళు మొరాయించాయి. ఇక తన వల్ల కాదని, కోతలయ్యాక మధ్య చేను ఇద్దరు కొడుకుల్లో ఒకరికి అప్పగిస్తానని అన్నారు. అప్పటినుంచి నాకు కుదురు లేదు. పై చేలో పడ్డ నీరు మధ్య చేను మీదుగానే మాకు దిగుతుంది. మామగారు పైపైన దున్నించి వదిలేసే మనిషి కాబట్టి ఆ నేల సగం ప్రాణంతోనైనా ఉంది. అది మరిది చేతికి వెళ్ళిందా, దాన్నీ నున్నగా గొరిగేస్తాడు. అప్పుడు రెండు చేల నీరూ కలిసి నా నెత్తిన పడుతుంది. నా చేతికి వస్తే ఆ నీటిని అక్కడే ఆపొచ్చు.

మామగారికి ఈ మాటే చెప్పాను. "మాటలకేమమ్మా, కనపడాలి కదా" అన్నారు. సరే, కనపడేట్టే చేద్దామనుకున్నాను.

నా దగ్గర బట్టలు కుట్టించుకునే వ్యవసాయాఫీసు అమ్మాయి ఒకసారి కొలతలిస్తూ ఒక సంగతి చెప్పింది. నేల బతికి ఉందో లేదో తెలియాలంటే నూలు గుడ్డ పాతిపెట్టి రెండు నెలలు ఆగి తియ్యాలట. మట్టిలో జీవం ఉంటే గుడ్డని తినేస్తుంది, లేకపోతే గుడ్డ గుడ్డలాగే ఉంటుంది. నేను ఒకే తానులోంచి తెల్లటి నూలు గుడ్డ కత్తిరించి మూడు దిండు గలీబులు కుట్టాను. దారం మాత్రం మట్టికి లొంగని పాలిస్టర్ దారం. వానలు ఇంకా ఉండగానే మూడు చేలలోనూ జానెడు లోతున పాతిపెట్టి, పక్కన కర్ర గుచ్చాను. మా తోటికోడలు గట్టు మీద నిలబడి పగలబడి నవ్వింది.

"అక్కా, దిండు కూడా పెట్టేస్తే చేను హాయిగా నిద్రపోయేది కదా."

"నీ చేను ఎప్పుడో నిద్రపోయిందమ్మా. అది లేస్తుందా లేదా అన్నదే నా బెంగ," అన్నాను.

ఆరోజే అందరినీ నిలబెట్టి, వేలు చూపించి మరీ చెప్పాను. గలీబు ఎంత చివికితే నేలలో అంత ప్రాణం ఉన్నట్టు. చెక్కుచెదరకుండా ఉంటే ఆ నేల చచ్చినట్టు. మామగారు తలూపారు. మరిదీ తలూపాడు. మా ఆయన అందరికన్నా ఎక్కువగా తలూపాడు, ఎందుకంటే ఆయనకి బస్సు టైమవుతోంది.

కోతలు అయిపోయాయి. అందరం పార పట్టుకుని బయల్దేరాం. ముందు పై చేను. మరిది తవ్వి, గలీబు పైకి లాగి దులిపాడు. అక్కడక్కడా మట్టి మరకలు, అంతే. తోటికోడలు బిందెలో నీళ్ళతో జాడించింది. అది మిషన్ మీంచి అప్పుడే దిగినట్టు తెల్లగా మెరిసింది. తర్వాత మధ్య చేను. ఆ గలీబుకి చిల్లులు పడ్డాయి, ఒక మూల లేనే లేదు. చివరికి నా చేను. నేనే తవ్వాను. చేత్తో మట్టి తీస్తూ తీస్తూ వెళితే దారం తగిలింది. గుడ్డ లేదు. నేను వేసిన కుట్లు మాత్రం నలుచదరంగా, గలీబు ఆకారంలో మట్టిలో మిగిలాయి. మూలల్లో రెండు మూడు పేలికలు వేలాడుతున్నాయి. ఆ దారాన్ని అరచేతుల మీదికి తీసుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళూ నా చేలో ఎవరున్నారో నాకు ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు అందరికీ చూపించగలిగాననుకున్నాను.

అందరూ చూశారు. ఏం చూశారో వినండి.

మరిది తన గలీబుని రెండు చేతులతో పైకి పట్టుకున్నాడు. "చూశావా నాన్నా, రెండు నెలలు మట్టిలో ఉన్నా మచ్చ లేదు. నా చేను అంత శుభ్రం," అన్నాడు. వేళాకోళం కాదు. మనిషి నిజంగానే పొంగిపోతున్నాడు.

తోటికోడలు నా చేతుల్లోకి తొంగిచూసి మొహం చిట్లించింది. "అయ్యో అక్కా, ఎంత పురుగు పట్టిపోయిందో. గుడ్డనే వదల్లేదు, ఇంక గింజనేం వదులుతుంది?"

నేను మామగారి వంక చూశాను. ఆయన ఒక దాన్నీ ఇంకో దాన్నీ మార్చి మార్చి చూశారు. "చెదలమ్మా. చెదలు పట్టింది నీ చేను," అన్నారు.

"మామయ్యా, నేను ముందే చెప్పాను కదా. తినాలనే కదా పెట్టింది. తిన్నాయంటే లోపల ప్రాణం ఉన్నట్టు."

"చెప్పావమ్మా, కాదనను. కానీ కళ్ళెదుట కనపడుతోంటే ఎలా కాదంటాను? వాడిది గుడ్డ, నీది పేలిక."

"తినేవాళ్ళుంటేనే కదా మామయ్యా ఇల్లు? పొయ్యి వెలగని ఇల్లు ఎంత శుభ్రంగా ఉంటే మాత్రం ఏం లాభం?"

"ఇల్లు వేరు, చేను వేరు," అన్నారు ఆయన. మా ఆయన నా భుజం మీద చెయ్యేసి "సర్దుకో" అన్నాడు. ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను.

నాకు ఇప్పటికీ రక్తం మరిగేది అక్కడే. నేను ఓడిపోతే బాధ లేదు. నేను గెలిచాను. గెలుపుని చేతుల్లో పట్టుకుని చూపిస్తే, అందరూ కలిసి దాన్నే ఓటమి అన్నారు. చిన్నప్పటినుంచీ నున్నటి నేలని చూసి మెచ్చుకోవడం అలవాటైన కళ్ళు అవి. వాటికి చచ్చిపోయింది శుభ్రంగానూ, బతికున్నది రోగంగానూ కనిపించింది. మధ్య చేను చిన్నవాడికే ఇస్తానని మామగారు ఆ సాయంత్రమే చెప్పేశారు. "ముందు నీ చేనుకి పట్టిన తెగులు వదిలించుకోమ్మా" అని నాకు సలహా కూడా ఇచ్చారు.

ఆ వారం నాకు స్కూలు యూనిఫాంల పని ఉంది. బడివాళ్ళు నన్నే వచ్చి పిల్లలకి సైజులు సరిచూసి ఇమ్మన్నారు. మూటలు కట్టుకుని, మిషన్ కూడా ఎక్కించుకుని, మా ఆయన బస్సులోనే వెళ్ళాను. నాలుగు రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు మలుపు తిరగకముందే పొగ వాసన వచ్చింది. ఎవరో చెత్త తగలబెట్టారనుకున్నాను. ఇంతలో వెనక సీట్లోంచి ఎవరో "అరె, మాసిన గడ్డానికి షేవింగ్ అయిపోయిందే" అన్నారు. కొందరు నవ్వారు. నేను కిటికీలోంచి చూశాను.

నా చేను లేదు. దాని చోట నల్లటి బూడిద కలిసిన ఎర్రమట్టి, వాలు వెంబడి నిలువునా పెద్ద పెద్ద సాళ్ళు. కొయ్యలు లేవు, చొప్ప లేదు, గట్ల మీది పొదల మొదళ్ళు కూడా లేవు. సాళ్ళలో తెల్లటి పొడి చల్లి ఉంది. చెదల మందు.

గట్టు మీద మా మరిది నిలబడి ఉన్నాడు. ఒంటి నిండా మసి, కళ్ళు ఎర్రగా. నేను బస్సు దిగడం చూసి, పిల్లవాడు మార్కుల కాగితం చూపించడానికి వచ్చినట్టు గబగబా వచ్చాడు.

"వదినా, నువ్వు ఒక్కదానివి ఎన్ని పనులని చేసుకుంటావని నేనే పూర్తి చేశాను. రెండుసార్లు దున్నాను. మందు కూడా మంచి రకం. చెదల పీడ విరగడైపోయింది. డబ్బు మాట ఎత్తావంటే ఊరుకోను."

తోటికోడలు గ్లాసుతో టీ పట్టుకొచ్చింది. ఆమె చేతులకీ మసే. మూడు రోజులు ఇద్దరూ తమ పని మానుకుని నా చేలో చాకిరీ చేశారు. అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ ఆ మంట ఎవరి మీద పొయ్యాలి? ఎదురుగా టీ గ్లాసు ఉంది.

చివరికి అన్నాను. "నన్నడగాలని నీకు తోచలేదా?"

"మంచి పనికి అడగడమేంటి వదినా?"

"నా ఇంట్లోకి వచ్చి, లోపల ఉన్నవాళ్ళందరినీ చంపి, ఇల్లు కడిగి, ముగ్గేసి, చూశావా ఎంత బాగుందో అంటున్నావు. టీ తాగమంటున్నావు."

అతని మొహం వాడిపోయింది. తోటికోడలు గ్లాసు కింద పెట్టి కళ్ళొత్తుకుంది. మా ఆయన "ఊరుకో, పాపం మంచికే చేశాడు" అన్నాడు. మామగారు అరుగు మీంచి "ఇంత చాకిరీ చేసినవాణ్ణి ఆ మాటలనొచ్చా?" అన్నారు. చుట్టుపక్కలవాళ్ళకి నెల రోజులపాటు నేనే కబురు. మరిది ఒళ్ళు హూనం చేసుకుని బాగుచేస్తే, నోటి దురుసు వదిన పురుగుల కోసం ఏడ్చిందట. నిజమే, ఏడ్చాను. మిషన్ చప్పుడు చేసుకుంటూ ఏడ్చాను, ఎవరికీ వినపడకుండా.

తర్వాత వ్యవసాయాఫీసు అమ్మాయి బట్టలకోసం వచ్చినప్పుడు అడిగాను, నేలకి ప్రాణం మళ్ళీ ఎన్నాళ్ళకి వస్తుందని. ఆ పిల్ల కిటికీలోంచి చేను చూసింది. "మళ్ళీ మొదటినుంచే అక్కా," అంది. ఆ తర్వాత తన బట్టల సంగతి కూడా అడగకుండానే వెళ్ళిపోయింది.

వేసవి గడిచింది. మధ్య చేనుని వానలు మొదలవగానే దున్నుతానని మరిది అన్నాడు. ఆ మొదటి వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. నేను వెనక గదిలో మిషన్ మీద ఉన్నాను. అలవాటు కొద్దీ తలుపు తీసే పెట్టాను. మామగారు గాలి కోసం అక్కడే మంచం వేయించుకుని పడుకున్నారు.

కాసేపటికి చినుకుల చప్పుడు మారింది. ఏదో బరబరా ఈడ్చుకొస్తున్నట్టు వినపడింది. పై చేలో నేల పైపెచ్చు కట్టి ఉంది, నీరు అక్కడ ఒక్క క్షణం కూడా ఆగలేదు. మధ్య చేలో కొంత ఆగింది. నా చేలోకి వచ్చేసరికి దానికి నిలువు సాళ్ళు ఎదురయ్యాయి, ఇంటి దాకా తోడి పెట్టిన కాలవల్లాగ. బూడిద కలిసిన బురద పెరటి గోడ దాటింది. గడప లేని తలుపులోంచి లోపలికి వచ్చింది. కుట్టిపెట్టిన బట్టల మూటలు తడిశాయి. మిషన్ పెడల్ మునిగింది. మామగారు మంచం మీద కాళ్ళు పైకి లాక్కుని కూర్చుని, తన చెప్పులు మంచం కింద తేలుతూ గది అవతలికి పోతుంటే చూస్తున్నారు.

"ఈ ఇంట్లోకి నీళ్ళెప్పుడూ రాలేదే," అన్నారు ఆయన.

"రాలేదు మామయ్యా. ఆపేవాళ్ళు ఉండేవాళ్ళు."

వాన వెలిశాక మరిది పరిగెత్తుకొచ్చాడు. గది చూసి నిలువునా నీరయ్యాడు. మరుక్షణం చీపురూ పారా అందుకున్నాడు. "వదినా, నువ్వు లే. ఒక్క గంటలో శుభ్రం చేసేస్తాను."

నేను లేచి చీపురు లాక్కున్నాను. "చెయ్యి వేశావంటే బాగుండదు. ఉండనీ. అందరూ చూడనీ. ఇది బురద కాదు, నా చేను. ఇన్నేళ్ళ నా చేను ఇవాళ నా గదిలోకొచ్చింది. ఇంకెంతో రోడ్డు దాటి కాలవలో పోయింది. నువ్వు ఊడిస్తే ఈ మిగిలింది కూడా పోతుంది."

అతను పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మామగారు మంచం మీంచి వంగి, చేత్తో కాస్త బురద తీసుకున్నారు. వేళ్ళ మధ్య నలిపారు. మసి, ఇసక. చాలాసేపు నలిపి, "మధ్య చేను నువ్వే చూసుకోమ్మా," అన్నారు నా వైపు చూడకుండా.

తీసుకున్నాను. వద్దనడానికి నేనేమీ మహాత్మురాలిని కాదు. ఒక్క షరతు పెట్టాను, ఇంటిల్లిపాదికీ వినపడేలా. "నన్నడగకుండా నాకెవరూ మంచి చెయ్యొద్దు." గదిలోని మట్టిని తట్టలకెత్తి, మరిది చేతే మోయించి, చేలోనే మళ్ళీ పోయించాను.

ఈ ఏడూ వానల్లో మళ్ళీ మూడు గలీబులు పాతాను. నిన్న తీశాం. మధ్య చేనుది పోయినేడు కన్నా ఎక్కువ చివికింది. మరిదిది షరా మామూలే. నా చేలో ముందు నేను వేలితో తడిమాను. దారం ఒక్కటే తగలాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. గుడ్డ తగిలింది. మొత్తం గుడ్డ. పైకి తీసి, జాడించి, తీగ మీద ఆరేశాను. ఒక్క చిల్లు లేదు. మరిది గలీబు పక్కనే వేలాడుతుంటే ఏది ఎవరిదో నేనే పోల్చలేకపోయాను.

సాయంత్రం దాన్ని దిండుకి తొడిగి, వాళ్ళింటికి తీసుకెళ్ళి మరిది చేతిలో పెట్టాను.

"నా చేలోది. చూడు, ఎంత శుభ్రంగా ఉందో. పడుకో."

అతను దిండుని ఒళ్ళో పెట్టుకుని అంచుల వెంట వేలితో తడిమాడు, ఎక్కడైనా ఒక చిల్లు దొరుకుతుందేమోనని. చాలాసేపు వెతికాడు. దొరకలేదు.

"వదినా, ఈసారి నా చేలో కొయ్యలు ఉంచేస్తాను," అన్నాడు.

"ఉంచు," అన్నాను. 'పోనీలే' అనే మాట కోసం నా వంక చూశాడు. అది మాత్రం నేను అనలేదు.